ఎర్రమట్టి మీద పదకొండు పేజీలు

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఏదైనా నిర్ణయం తీసుకోవాలంటే దాని ముసాయిదా ఈమెయిల్‌లో అన్ని విభాగాలకూ వెళ్తుంది. చివర ఒక వాక్యం ఉంటుంది: శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు మీ అభ్యంతరం రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాం. ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు, తల ఊపనక్కర్లేదు. మౌనం అర్ధాంగీకారం అన్న మన పెద్దలు కనీసం సగం దగ్గర ఆగారు. మా ఆఫీసులో మౌనమంటే పూర్తి అంగీకారమే.

వాషింగ్టన్‌లో పద్నాలుగేళ్ళు ఆ వాక్యం కింద పనిచేశాను. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు. అందులో ఎంత ఆఫీసు మీద, ఎంత నా మీద అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మేము చేసే పని చెప్పడానికి తేలిక. యుద్ధాలు జరిగిన దేశాల్లో నేలలో మిగిలిపోయిన మందుపాతరలను ఏరివేయించడం. ఏరివేయించడమే, ఏరడం కాదు. మా ప్రభుత్వోద్యోగి ఎవరూ మందుపాతరలున్న నేల మీద కాలు పెట్టకూడదని నిబంధన. అక్కడివాళ్ళకు శిక్షణ ఇప్పించాలి, పనిముట్లు పంపాలి, నివేదికలు తెప్పించుకోవాలి. తర్వాతి సంవత్సరాల్లో మిత్రదేశాల సైన్యాలకు రేడియో సెట్లు, బూట్లు, శిక్షణ తరగతులు కూడా నా ఫైళ్ళలో చేరాయి గానీ, నా మనసు మొదటి పని దగ్గరే ఉండిపోయింది. ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా మా బావమరిది ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"బావా, మీది పెట్టే డిపార్టుమెంటా, తీసే డిపార్టుమెంటా?"

"తీసేదేరా."

"మరి పెట్టింది ఎవరు?"

నేను మాట మార్చేవాణ్ని. వాడికి అదే సరదా.

ఈ ఉద్యోగానికి నేను ఎలా తగ్గవాణ్ని అయ్యానన్నది ఆఫీసులో చాలామందికి అర్థమయ్యేది కాదు. బి.కామ్ రెండో సంవత్సరంలో మానేసినవాణ్ని. మా ఊరి శాఖా గ్రంథాలయంలో పొద్దున తలుపు తీసినప్పుడు దూరి, మధ్యాహ్నం తాళం వేసేటప్పుడు బయటికొచ్చి, మళ్ళీ సాయంత్రం తీసేవరకు అరుగు మీద కూర్చున్నవాణ్ని. పెళ్ళయ్యాక, ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేస్తున్న మా ఆవిడ వెంట వాషింగ్టన్ పక్కనున్న హెర్న్‌డన్ వచ్చాను. వచ్చిన రెండో రోజునే లైబ్రరీ కార్డు తీసుకున్నాను. డ్రైవింగ్ లైసెన్సు ఎనిమిది నెలలకు వచ్చింది. పౌరసత్వం వచ్చిన తర్వాత, 2001 చివర్లో, ఫైళ్ళు సర్దే తాత్కాలిక గుమాస్తాగా ఆ ఆఫీసులో చేరాను. సర్దే ఫైళ్ళు చదవకూడదని ఎవరూ చెప్పలేదు. చదివాను. అర్థంకానివాటికి లైబ్రరీకి వెళ్ళాను. మందుపాతరల రకాలు, వాటి స్ప్రింగులు, ప్లాస్టిక్ పెట్టెలు, అవి ఎన్నేళ్ళు బతుకుతాయి, అన్నీ. ఐదేళ్ళు తిరిగేసరికి నా కింద మూడు దేశాల కార్యక్రమాలు ఉన్నాయి.

చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది రిటైరైన సైనికాధికారులు, మిగతా సగం పెద్ద యూనివర్సిటీల మాస్టర్స్ డిగ్రీలవాళ్ళు. "నువ్వెక్కడ చదివావు?" అని ఎవరైనా అడిగితే "పబ్లిక్ లైబ్రరీలో" అనేవాణ్ని. నవ్వేవాళ్ళు. నేను జోకు వేయలేదు.

ఆ మూడు దేశాలు నా కిందికి వచ్చిన ఏడాది ఆగస్టులో, ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి ఏరివేత బృందాల నాయకులు శిక్షణకు వచ్చారు. శిక్షణ ముగిశాక వాషింగ్టన్‌లో రెండు రోజుల మీటింగులు. అందులో ఒకామె ఉండేది. యాభై ఏళ్ళు ఉంటాయి. ముప్పై మంది ఆమె కింద పనిచేసేవాళ్ళు. వాళ్ళందరినీ "నా పిల్లలు" అనేది. ఇక్కడి హోటల్ భోజనాలు ఆమెకు గొంతు దిగడం లేదని తెలిసి, ఆదివారం మా ఇంటికి పిలిచాను.

మా ఆవిడ పులిహోర, గోంగూర మాంసం చేసింది. గోంగూర మా పెరటిదే. ఆమె రెండుసార్లు వడ్డించుకుని, ఈ ఆకు మా దేశంలోనూ ఉంది, పువ్వుతో ఎర్రటి పానీయం కాస్తాం అని చెప్పి, చెట్టు చూపించమంది. పెరట్లోకి తీసుకెళ్ళాం. ఆమె చెట్టు వంక చూడనే లేదు. దాని మొదట్లో గొంతుక్కూర్చుని, గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపింది.

మా పేటలో ఇళ్ళ పునాదులు తవ్వినప్పుడు పైకొచ్చిన మట్టి అది. తడిస్తే ఇటుక రంగు.

"బ్రదర్, ఇది మా మట్టే. మాది ఇంకా ఎరుపు," అంది ఇంగ్లీషులో. "మందుపాతరలు పసిగట్టడానికి మా దగ్గరున్న పాత యంత్రానికి ఈ మట్టి అంటే పిచ్చి. కింద ఏమీ లేకపోయినా అరుస్తుంది. అరుపు తగ్గిద్దామని మర తిప్పితే, ఉన్నదానికి కూడా నోరు విప్పదు. ఈసారి పంపేది ఈ మట్టిలో బుద్ధిగా ఉండేది పంపించండి."

ఒక ఊరికీ దాని మొక్కజొన్న పొలాలకూ మధ్య ఉన్న నేల గురించి చెప్పింది. మంచి నేల. పన్నెండేళ్ళుగా ఎవరూ అడుగుపెట్టకుండా చుట్టూ తాళ్ళు కట్టి ఉంది. ఊళ్ళో మనుషులు పెరిగారు, నేల పెరగలేదు. వచ్చే వానలకు ముందే అది ఖాళీచేసి ఇవ్వకపోతే, తాళ్ళు దాటుకుని నాగళ్ళు దిగుతాయి.

"వానలకు ముందే అయిపోతుంది," అన్నాను. "సరైన యంత్రాలు నేను చూసుకుంటాను."

మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. పెరటి గుమ్మంలో నిలబడి, "డాడీ ప్రామిస్ చేస్తే ఫస్ట్ లైబ్రరీకి వెళ్తుంది ఆంటీ, తర్వాత చేస్తుంది," అంది, వచ్చిన తెలుగులో. మా ఆవిడ అది ఇంగ్లీషులో చెబితే ఆమె పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

సెప్టెంబరు నెల మూడో వారం. బుధవారం పొద్దున ముసాయిదా వచ్చింది: మూడు దేశాలకు కలిపి ఒకే రకం మెటల్ డిటెక్టర్లు కొనాలని. ఆమె దేశం అందులో ఒకటి. పరీక్ష నివేదిక జతచేశారు. తెరిచి చూశాను. యంత్రం అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది. పరీక్ష జరిపింది ఎక్కడ? తెల్లటి ఇసుక పరిచిన పొడవాటి మడిలో. ఇసుకలో ఏ యంత్రమైనా బుద్ధిగానే ఉంటుంది.

శుక్రవారం ఐదు గంటలలోపు.

అప్పుడే ఒక వాక్యం రాసి పంపితే సరిపోయేది. 'నేను ఒప్పుకోవడం లేదు. వివరాలు తర్వాత.' దానికి నిబంధన ఉంది, 'ఒప్పుకోను' అన్న ఒక మాట కూడా ఉంది. ఆ మాట వచ్చిందంటే ముసాయిదా అక్కడే ఆగిపోవాలి. కారణం అడగడం, చర్చించడం తర్వాత. నాకు తెలియనిది కాదు. ఇతరులు అలా ఆపగా చూశాను. అలా ఆపేవాళ్ళకు పేరు వెనక డిగ్రీలుండేవి, భుజాల మీద ఒకప్పటి నక్షత్రాలుండేవి. వాళ్ళను 'ఏ ఆధారంతో?' అని ఎవరూ అడగరు. నన్ను అడుగుతారు. ఆధారం లేకుండా పెద్దల ముందు 'కాదు' అనకూడదని పెరిగినవాణ్ని. ఆధారం నాకు ఎక్కడ దొరుకుతుందో బాగా తెలుసు.

మధ్యాహ్నం కాఫీ దగ్గర మా పైఅధికారి కనిపించాడు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఎవరినైనా బడ్డీ అనే పిలిచేవాడు.

"సర్, ఆ డిటెక్టర్ల మీద నాకు కొంచెం సందేహం ఉంది. నోట్ రాస్తున్నాను."

"గుడ్. రాయి బడ్డీ," అని కప్పులో పాలు పోసుకుంటూ వెళ్ళిపోయాడు.

అయస్కాంత గుణమున్న మట్టి మీద ఒక పుస్తకం కావాలి. మా లైబ్రరీలో లేదు. వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించమని అంతకుముందే అడిగి ఉంచాను. శుక్రవారం పొద్దున ఫోన్ చేసి, వచ్చిందన్నారు. సగం రోజు సెలవు పెట్టి పరుగెత్తాను. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఇనుము ఎక్కువున్న ఎర్రనేలల్లో సన్నటి రేణువులు ఎలా ఉంటాయో, వాటి మీదుగా డిటెక్టర్ పోయినప్పుడు ఏమవుతుందో మూడో అధ్యాయంలో ఉంది. పెరట్లో ఆమె వేళ్ళతో చెప్పినదే అక్కడ బొమ్మలతో సహా ఉంది. నోట్సు రాసుకున్నాను. తల ఎత్తేసరికి గోడ గడియారంలో ఐదుంబావు.

ఇంటికి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాను. మా ఆవిడ డ్యూటీ కోటు విప్పుతోంది.

"దొరికింది. మొత్తం ఉంది ఇందులో."

"ఆఫీసులో చెప్పేశారా?"

"సోమవారం చెప్తా. పూర్తిగా రాసి."

"ఈరోజు ఐదింటికి లాస్ట్ అన్నారుగా?"

"బుధవారమే చెప్పాను, నోట్ రాస్తున్నానని."

"నోటితోనా, మెయిల్‌లోనా?"

నేను పుస్తకం తెరిచి మూడో అధ్యాయం తీశాను.

"ఏమండీ, మా స్టోర్‌లో డాక్టర్ రాసిచ్చిన మందు తేడాగా అనిపిస్తే నేనేం చేస్తాననుకున్నారు? పుస్తకం తెప్పించుకుని కూర్చుంటానా? హోల్డ్ అని ఒక్క బటన్ నొక్కుతా. పేషెంట్ చేతికి వెళ్ళదు. తర్వాత ఫోన్ చేసి అడుగుతా. ఒక్క ముక్క 'వద్దు' అని కొట్టి పంపలేకపోయారా?"

"వద్దంటే ఎందుకని అడుగుతారు."

"అడగనివ్వండి. అడిగినన్నాళ్ళూ ఆగుతుందిగా!"

ఇంటినుంచి ఆఫీసు మెయిల్ తెరిచే వీలు ఆ రోజుల్లో మాకు లేదు. ఎవరో ఒకరు గడువు పొడిగించి ఉంటారని నాకు నేనే చెప్పుకుని, శని ఆదివారాలు రాశాను. పదకొండు పేజీలు. అడుగున, ఏ మాట ఏ పుస్తకంలోదో చెప్పే ముప్పై నాలుగు సూచికలు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు.

సోమవారం తొమ్మిదింటికి పంపాను. పది కాకముందే పైఅధికారి గదిలోకి పిలిచాడు. ముద్రించిన పేజీలు చేతిలో ఉన్నాయి.

"చదివాను. చాలా బాగుంది. ఈ ఆఫీసులో ఇంత మంచి నోట్ నేను చూడలేదు."

"అయితే ఆపుతారా సర్?"

"ఆపడానికి ఏముంది? శుక్రవారమే ఆమోదం అయిపోయింది. ఆర్డరు పొద్దున వెళ్ళింది."

"బుధవారం మీకు చెప్పాను."

"నోట్ రాస్తున్నానన్నావు. అభ్యంతరం ఉందనలేదు."

"సందేహం ఉందన్నాను."

"సందేహం అందరికీ ఉంటుంది, బడ్డీ."

ఇక్కడ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు ముప్పైతో ముగుస్తుంది, అది దాటితే ఆ ఏటి కేటాయింపు మురిగిపోతుంది. ఇప్పుడు వెనక్కి తీస్తే ఆమె దేశానికి అసలు ఏ యంత్రాలూ వెళ్ళవు. "ఏదో ఒకటి వెళ్ళడం నయం కదా," అన్నాడు. నయం కాదని పదకొండు పేజీల్లో తొమ్మిదో పేజీలో రాశాను. ఆయన అక్కడిదాకా చదివాడో లేదో అడగలేకపోయాను.

జనవరిలో ఆమె నుంచి మెయిల్ వచ్చింది. 'బ్రదర్, మీ యంత్రాలు అందాయి. చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి. మా దేశంలో మందుపాతర లేని చోటే లేదని చెప్తున్నాయి.' ఫోన్ చేశాను. డిటెక్టర్లను పెట్టెల్లో పెట్టేసి, తన కింద పనిచేసే 'పిల్లలకు' సన్నటి ఇనుప చువ్వలు ఇచ్చానంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఏటవాలుగా, వేలెడు వేలెడు దూరంలో నేలలో గుచ్చి చూసుకుంటూ పోవాలి. యంత్రంతో రోజులో అయ్యేది వారం పడుతుంది. ఎండిన ఎర్రమట్టి రాయిలా ఉందట. ముందు రాత్రే నీళ్ళు పోసి నానబెట్టుకుంటున్నారట.

మళ్ళీ నోట్ రాశాను. పరీక్షల విభాగం నుంచి ఒక పంక్తి జవాబు వచ్చింది: యంత్రం పరీక్షలో నెగ్గింది. అక్కడి మట్టి తెప్పించి పరీక్షిద్దామన్నాను. పరాయి దేశపు మట్టి ఇక్కడికి రావాలంటే వ్యవసాయ శాఖ అనుమతి కావాలి, ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేమన్నారు.

మట్టి మా పెరట్లోనే ఉందని తట్టడానికి నాకు మార్చి దాకా పట్టింది. అన్నేళ్ళు చదివి!

ఒక ప్లాస్టిక్ బకెట్ తీసుకుని దాని ఇనుప తీగ పిడి ఊడబీకాను. గోంగూర మడి పక్కన తవ్వి నింపుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాను. గేటు దగ్గర గార్డు ఆపాడు.

"ఇదేంటి?"

"మట్టి."

"అది కనిపిస్తోంది. ఎందుకు?"

"ఇందులో ఏమీ లేదని చూపించడానికి."

ముప్పావు గంట నిలబెట్టాడు. కుక్కను తెచ్చి వాసన చూపించాడు. కుక్క తుమ్మింది. చివరికి సంతకం పెట్టించుకుని వదిలాడు.

శిక్షణ కోసం ఉంచిన నమూనా డిటెక్టర్ ఒకటి మా బీరువాలో ఉండేది. పైఅధికారిని బతిమాలి భవనం వెనక పచ్చిక మీదికి తీసుకొచ్చాను. ముందు గడ్డి మీద ఆడించాను, చప్పుడు లేదు. బకెట్ మీదికి తెచ్చాను. కేకపెట్టింది. మట్టిని వార్తాపత్రిక మీద గుమ్మరించి, చేత్తో పరిచి, మేకు ముక్క కూడా లేదని చూపించి మళ్ళీ ఆడించాను. అదే కేక.

ఆయన నా చేతిలోంచి యంత్రం తీసుకున్నాడు. స్వయంగా మూడుసార్లు ఆడించాడు. నాలుగోసారి ఆపేశాడు. తను కూడా ఒకప్పుడు అలాంటి నేల మీద మనుషులను నడిపించినవాడే. ముఖం మారింది.

"దీని మీద రాయి," అన్నాడు.

"రాశాను సర్. పదకొండు పేజీలు."

ఆయన వంగి, వార్తాపత్రిక అంచులు పట్టుకుని, మట్టిని బకెట్‌లోకి ఎత్తడానికి సాయం చేశాడు. ఆ వారమే సరైన యంత్రాల కోసం కొత్త ప్రతిపాదన వెళ్ళింది. అది వచ్చే ఏటి కేటాయింపులోకి. మా ఆఫీసులో తొందర అన్నమాటకు అర్థం అదే.

అక్కడ వానలు ముందే వచ్చాయి. చువ్వలతో సగం నేలే అయింది. మిగతా సగానికి తాళ్ళు కొత్తవి కట్టారు, ఎర్ర గుర్తులు కొత్తవి పాతారు, ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పారు. విత్తే కాలం ఎవరి ఫైలు కోసమూ ఆగదు. నాగలి పట్టి తాళ్ళు దాటిన ఒక రైతుకు కుడికాలు మోకాలి కింద పోయింది.

ఆ సంగతి నాకు నెలవారీ నివేదికలో, ఒక గడిలో ఒక వరుసగా వచ్చింది. మర్నాడు ఆమె విడిగా మెయిల్ రాసింది. 'బ్రదర్, అతను ఏప్రిల్‌లో నా దగ్గరికి వచ్చాడు. ఎప్పుడవుతుందని అడిగాడు. వానలకు ముందే అయిపోతుందని చెప్పాను, మీరు నాతో చెప్పినట్టే.' అంతే ఉంది. నిందలు లేవు. ఉంటే బాగుండేది.

ఆమెకు నేను జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఏ పుస్తకమూ తెరవలేదు. చివరికి, శుక్రవారం ఐదింటిలోపు నేను ఒక్క వాక్యం పంపి ఉంటే ఆ కొనుగోలు ఆగేదని, పంపలేదని రాశాను. ఆమె 'చదివాను' అని ఒక్క మాట రాసింది. ఆ తర్వాత ఆమె నన్ను 'సర్' అనే పిలిచింది.

కొత్త డిటెక్టర్లు తర్వాతి చలికాలంలో వెళ్ళాయి. వాటిని మొదట మా పెరటి మట్టి మీదే పరీక్షింపజేశాను; గార్డు ఈసారి బకెట్‌ను చూసి కుక్కను పిలవలేదు. మిగిలిన సగం రెండు నెలల్లో అయిపోయింది. నివేదికతో ఫోటో పంపారు: మొక్కజొన్న, మోకాలెత్తు. అందులో మనుషులు లేరు.

అప్పటినుంచి ఏ ముసాయిదా వచ్చినా, తేడాగా అనిపిస్తే, వచ్చిన గంటలోనే 'ఒప్పుకోను' అని పంపేవాణ్ని. ఆధారం తర్వాత వెతుక్కునేవాణ్ని. కొన్నిసార్లు నాదే తప్పయ్యేది. మీటింగులో అందరి ముందూ ఒప్పుకుని కూర్చునేవాణ్ని. చెవులు కాలేవి. బూట్ల కొలతల దగ్గర్నుంచి శిక్షణ పాఠాల అనువాదం దాకా నా వల్ల ఆగని కాగితం లేదని విసుక్కునేవాళ్ళు. విసుక్కోనిచ్చాను. శుక్రవారం వాక్యం మాత్రం మారలేదు. దాన్ని మార్చాలని రెండుసార్లు ప్రతిపాదించాను. రెండుసార్లూ అందరికీ పంపారు, ఎవరూ జవాబివ్వలేదు. మౌనం అంగీకారమన్న నియమం నా ప్రతిపాదనకు ఎందుకు వర్తించదని అడిగితే, అది విధానాలకు సంబంధించినది కాబట్టి లిఖితపూర్వకంగా ఆమోదించాలన్నారు.

2015లో ఉద్యోగం వదిలేటప్పుడు బల్ల ఖాళీ చేశాను. బకెట్ బల్ల కిందే ఉంది, సగం మట్టితో. ఇంటికి తెచ్చి, తీసిన చోటే పోశాను. మా ఆవిడ దాని మీద మళ్ళీ గోంగూర విత్తనాలు చల్లింది.

ఆ నోట్ నకలు ఒకటి నా దగ్గర ఉంది. ఎప్పుడైనా తీసి చదువుతాను. తప్పు దొరుకుతుందేమోనని ప్రతి సూచికా పుస్తకాలతో మళ్ళీ సరిచూశాను. ముప్పై నాలుగూ సరిగ్గా ఉన్నాయి. మట్టి గురించి రాసినది నిజం, యంత్రం గురించి రాసినది నిజం, తొమ్మిదో పేజీలో ఏం జరుగుతుందని రాశానో అదే జరిగింది. మొదటి పేజీలో పైన, కుడివైపు, సోమవారం తేదీ ఉంది.